ఉప్పు మొక్కు

పప్పు దించాక, ఉప్పు వేయకముందే, నా గరిటెడు పప్పు వేరే గిన్నెలోకి తీసుకుంటాను. అంతే పని. గరిటె ముంచి ఎత్తినంత సేపు పడుతుంది. ఆ తర్వాత కుండలో ఉప్పు వేసి, తిరగమాత పెట్టి, ఎప్పటిలాగే అందరికీ వడ్డిస్తాను. ఎవరి నోటి రుచీ చెడదు, పొయ్యిలో ఒక్క పుల్ల ఎక్కువ కాలదు. ఈ గరిటెడు పప్పు దక్కించుకోవడానికి నేను పడిన పాట్లు ఎవరికైనా చెబితే "ఇంతోటి దానికా?" అంటారు. అవును, ఇంతోటి దానికే. పెద్ద పెద్దవాటి కోసం పోట్లాడే తీరిక మాకెక్కడ ఏడ్చింది!

నేను వంటింట్లో గరిటె ముంచుతుంటే వాకిట్లోంచి మా అత్త చెన్నమ్మ గొంతు వినిపిస్తుంది. ఎదురింటి ఆంజినమ్మతోనో, వాళ్లింటికి వచ్చిన చుట్టాలతోనో గొప్పగా చెబుతుంటుంది. "మా కోడలు మొగుని కోసరం ఉప్పిడిసిందమ్మా. చౌడమ్మకు మొక్కుకుండాది. ఈ కాలంలో యా ఆడది చేస్తాది చెప్పు?" ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏం చేస్తుంది? సంగటి ముద్ద విరిచి, చప్పిడి పప్పులో అద్దుకుని తింటుంది.

నేను ఉప్పు ఎవరి కోసం మానానో ఒకప్పుడు ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ మరిచిపోయారు. మరిచిపోతే సుఖంగా ఉంది కాబట్టి మరిచిపోయారు.

మాది ధర్మవరంలో పట్టు మగ్గం ఉన్న ఇల్లు. గడప దాటగానే ముందు మగ్గం గుంత కనబడుతుంది, తర్వాతే మనుషులు. మా ఆయన గంగాధరప్ప కుట్టు అంచు చీరలు నేస్తాడు. చీర ఒంటిది ఒక రంగు, అంచుది వేరే రంగు. ఆ రంగు ఈ రంగులోకి పోకుండా నేయాలంటే అడ్డపోగు విసిరే నాడె ఒక్కటి చాలదు. ఒంటికి ఒక నాడె, అంచుకు ఇంకో నాడె కావాలి. గుంతలో కూర్చున్నవాడు అన్నీ తానే వేయలేడు. పక్కన మరో మనిషి కూర్చుని, అతను ఒంటి నాడె విసరగానే అంచు నాడె విసరాలి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ మరో మనిషిని నేనే. చీర చూసిన సావుకారైనా, చుట్టాలైనా "గంగాధరప్ప నేసిన చీర" అంటారు. నేను నేసేదాన్ని కాదు, పక్కన కూర్చునేదాన్ని. జనాభా లెక్కలకు వచ్చిన అయ్యవారు "మీ ఆడమనిషి ఏం పని చేస్తుంది?" అని అడిగితే, మా ఆయన తల ఎత్తకుండానే "ఆయమ్మ ఏమీ సేయదు సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. అయ్యవారు అదే రాసుకున్నాడు. అప్పుడు నా చేతిలో అంచు నాడె ఉంది. నేను దాన్ని విసిరాను, ఆయన పలక లాగి పోగు బిగించాడు, నేత ముందుకు జరిగింది.

కూర్చుంటే లేవకూడదు. నేను లేస్తే మగ్గం ఆగిపోతుంది. ఒంటేలుకు లేచినా ఆగిపోతుంది. మా వీధిలో ఎవరింట్లోనూ మరుగుదొడ్డి లేదు. వెనక తలుపు తీసుకుని కంపచెట్ల చాటుకు పోవాలి. పగటిపూట మగవాళ్లు లేని సందు చూసుకోవాలి, ఎవడైనా సైకిలు మీద వస్తే పోయేదాకా నిలబడాలి. నేను తిరిగి వచ్చేసరికి మా ఆయన గుంతలోనే బీడీ ముట్టించుకుని, "ఏమే, అనంతపురం దాంకా పోయొచ్చినావా?" అనేవాడు. "నిదానం మనిషి! అది పుట్టిందే నిదానం" అని మా అత్త అందుకునేది. నా పేరు లక్ష్మీనరసమ్మ. ఈ ఇంట్లో నాకు నిలిచిన పేరు మాత్రం నిదానం మనిషి. నీళ్లకు పోతే నిదానం, కండెలు చుడితే నిదానం, బిడ్డను కనడానికి కూడా నిదానం చేశానని అత్త ఇప్పటికీ చెబుతుంది.

అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. పొద్దున లేచాక నీళ్లు తాగడం మానేశాను. తాగకపోతే లేవనక్కర్లేదు కదా. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, వీధి కొళాయిలో నీళ్లు రావడమే గగనం. బిందెలు మోసేది నేనే, నీళ్లు చాలకపోతే తాగకుండా ఉండాల్సిందీ నేనే. కాబట్టి నా ఉపాయం ఇంట్లో అందరికీ నచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే దానికి మాత్రలు ఉండేవి. మూల మీది మందుల అంగడి నుంచి మా ఆయనే తెచ్చి, మగ్గం పక్కన గూట్లో పెట్టేవాడు. ఈ ఇంట్లో నేను అడగకుండానే నా కోసం వచ్చే వస్తువు అదొక్కటే. మాత్ర వేసుకుంటే పొద్దుగూకేదాకా కూర్చోగలను. వేసుకున్నాను. ఏళ్ల తరబడి వేసుకున్నాను.

ఒక పొద్దున మెట్టెలు వేళ్లలోకి దిగబడిపోయాయి. సబ్బు రాసినా రాలేదు. కంసాలి దగ్గరికి పోతే కత్తిరించి తీశాడు. మా అత్త ఆ రోజు చేసిన రాద్ధాంతం ఇంతా అంతా కాదు. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగానే మెట్టెలు కోపిచ్చుకుంటాదా! కాళ్లు వాస్తే వాయనీ, దానికి మెట్టెలేం చేసినాయి?" కాళ్లెందుకు వాచాయని ఆమె అడగలేదు. తర్వాత కళ్ల కింద ఉబ్బింది, ఆ తర్వాత చేతివేళ్లు బిగుసుకున్నాయి. వేళ్లు బిగుసుకుంటే నాడె సరిగా పోదు. ఒక చీర అంచు చెడిపోయింది, సావుకారు నలుగురిలో మా ఆయన్ని మాట అన్నాడు. అప్పుడు నన్ను అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయాడు. ముఖం వాచినప్పుడు కాదు, అంచు చెడినప్పుడు.

ఆ డాక్టరు వయసులో చిన్నవాడు. రక్తం, ఒంటేలు పరీక్షలు చేయించి, ప్రెషరు చూసి, కాగితాలు ముందు పెట్టుకుని మా ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగి మాట్లాడాడు. అదే నాకు వింతగా తోచింది.

"అమ్మా, నీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నొప్పి మాత్రలు ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావు?"

"గుర్తు లేదు సార్."

"ఈ రోజుతో బంద్. ఆ మాత్రలూ, ప్రెషరూ కలిసి చేసిన పని ఇది. పోయిన భాగం తిరిగి రాదు. అబద్ధం చెప్పను, ఈ జబ్బు తగ్గదు. కానీ దీన్ని నిదానం చేయొచ్చు."

"నిదానమా?"

"అవునమ్మా, నిదానమే. ప్రెషరు మాత్ర ఒక్కరోజు కూడా మానకు. ఉప్పు బాగా తగ్గించు, ఊరగాయలూ అప్పడాలూ ముట్టుకోకు. దాహం చంపుకోకు, ఒంటేలు ఆపుకోకు. నెలనెలా వచ్చి చూపించుకో, మాత్రలు ఇక్కడే ఇస్తారు. ఇట్లా నిదానం చేసుకుంటూ పోతే నీ బిడ్డ పెద్దదై దాని కాళ్ల మీద అది నిలబడేది చూస్తావు. లేదంటే కొన్నేళ్లకే రక్తం కడిగే మిషను కావాలంటుంది. దానికి బెంగుళూరో మద్రాసో పోవాలి. మీవల్ల కాదు, మావల్లా కాదు."

నా చెవుల్లో మిషను నిలవలేదు, మద్రాసు నిలవలేదు. నిదానం అనే మాట నిలిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాటను తిట్టుగా కాకుండా వినడం అదే మొదటిసారి. నన్ను తిట్టడానికి వాడే మాటను ఒక చదువుకున్న మనిషి మందుగా రాసిచ్చాడు. ఏడుపొచ్చింది నాకు.

తిరుగు బస్సు రాప్తాడు దాటింది. కిటికీలోంచి చూస్తే చేలల్లో చెనిక్కాయ మొక్కలు మూర కూడా లేవకుండానే మాడిపోయి ఉన్నాయి. అప్పుడు మా ఆయన నోరు తెరిచాడు.

"తగ్గదంట కదా. తగ్గని జబ్బుకు మందేంటికి మ్మే? తగ్గుతాదంటే చెప్పు, తిప్పలుపడి చూపిస్తా. నెలనెలా మగ్గం నిలిపి ఈడికి రావల్లంట! నిదానం చేస్తాడంట! నువ్వు నిదానమైంది సాలక నీ జబ్బు గూడా నిదానం కావల్లనా?"

అని నవ్వాడు. పక్క సీటు మనిషి కూడా నవ్వాడు. నేను మాడిపోయిన చేలు చూస్తూ కూర్చున్నాను.

దాని తర్వాత చాలా రోజులు నేను ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. తగ్గనిదానికి మందేంటికి? ఇల్లు ఊడిస్తే ఏం కనబడుతుంది? ఏమీ కనబడదు. ఊడవని రోజే కనబడుతుంది. గిన్నెలు తోమితే ఏం పెరుగుతుంది? నీళ్లు మోస్తే ఏం మిగులుతుంది? మళ్లీ రేపటికి కుండ ఖాళీయే. నేను ఇన్నేళ్లు ఈ ఇంట్లో చేసిందంతా ఏదో ఒకటి కాకుండా చూడటమే. బిడ్డకు జ్వరం ముదరకుండా, పట్టుకు ఎలుక తగలకుండా, అత్తకు కోపం రాకుండా, చుట్టాల ముందు ఈ ఇంటి పరువు పోకుండా. అట్లా ఏదీ కాకుండా చూసేదాన్ని "ఆయమ్మ ఏమీ సేయదు" అంటారు. నా మూత్రపిండాలకు చేయాల్సింది కూడా ఇదే పని. జబ్బు పెరగకుండా చూడటం. అలవాటైన పనే, కాకపోతే ఈసారి నాకోసం చేసుకోవాలి. వచ్చిన చిక్కల్లా అదే.

ఉప్పు తగ్గించడం ఎంత పని, వండేది నేనే కదా అనుకున్నాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మా ఇళ్లల్లో కోడలు చివర తింటుంది. మగవాళ్లూ, అత్తా, పిల్లలూ తిన్నాక కుండలో ఏది మిగిలితే అది. మిగిలేసరికి దాంట్లో ఉప్పు ఉంటుంది. ఉప్పు లేనిది కావాలంటే అందరికంటే ముందే నా పాలు నేను తీసి పెట్టుకోవాలి. మొదటిరోజు తీసి పెట్టుకున్నాను. మా అత్త గిన్నె మూత ఎత్తి చూసింది.

"ఇదేంది?"

"నా పప్పు అత్తా. ఉప్పు ఎయ్యల్యా."

"మొగోళ్లు తినకముందే కోడలు దాని పాలు అది తీసిపెట్టుకుంటాదా? అట్ల చేస్తే ఇంట్లో బర్కత్ ఉంటాదా? మేము తిని మిగిలింది తినేదానికి నీకు నామోషీనా?"

"డాక్టరు చెప్పినాడత్తా..."

"ఒగత్తి కోసరం రెండు కుండలా! ఉప్పూకారం తింటేనే మనిషికి రోషమూ సత్తువా. చప్పిడి పెడితే ఎద్దు గూడా కాడి ఇడుస్తాది." అని నా గిన్నెలో పప్పు మళ్లీ కుండలో పోసి, చేతినిండా ఉప్పు వేసి కలిపింది. మా ఆయన తింటూ "ఉప్పెక్కువైంది" అన్నాడు. అది కూడా నా ఖాతాలోకే వచ్చింది.

ఆర్నెల్లు అట్లాగే గడిచాయి. మాత్రలు అయిపోయాయి, మళ్లీ తీసుకుపోయిన వాళ్లు లేరు. కాళ్లు పొద్దున తగ్గి, సాయంత్రానికి గుంజల్లా అయ్యేవి. నొప్పి మాత్రలు మాత్రం గూట్లోకి తప్పకుండా వచ్చేవి. నేను వాటిని చీర కొంగులో కట్టుకుపోయి కంపచెట్లలో పారేసేదాన్ని. నడుం భరించలేనిరోజు మింగేదాన్ని.

ఆ ఎండాకాలం మా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు పచ్చగా అయ్యేసరికి అత్త గుండెలు బాదుకుంది. ఆకుపసరు పోసిన మనిషి చప్పిడి పథ్యం అన్నాడు. ఒగత్తి కోసరం రెండు కుండలా అన్న నోరే, "నా కొడుకు తిననిది మనకేంటికి? అందరూ చప్పిడే తినండి" అంది. ఇంటిల్లిపాదీ చప్పిడి తిన్నాం. నా కూతురు చౌడేశ్వరి మూతి ముడుచుకుంటూ తినేది. మగ్గం నిలిచిపోయింది కాబట్టి నేను లేవగలిగాను, నీళ్లు తాగగలిగాను. ఆయన కళ్లు తెల్లబడుతుంటే నా కాళ్లు సన్నబడ్డాయి. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, పెళ్లయ్యాక నా ఒళ్లు సుఖపడిన రోజులవే. ఆయన జబ్బు నాకు మందైంది.

ఆయన లేచి తిరిగాక మళ్లీ ఉప్పు వచ్చింది. ఆ రోజు పప్పు దించి, ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని, ఎందుకో ఆగాను. గరిటె ముంచి నా పప్పు ముందు తీసుకున్నాను. అలవాటో, మొండితనమో తెలియదు. తల తిప్పితే మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నోరు తెరిచేలోపలే, మజ్జిగకు వచ్చిన ఎదురింటి ఆంజినమ్మ చూసింది.

"ఓ యమ్మా! గంగాధరప్పకు నయమైతే ఉప్పిడుస్తానని మొక్కుకున్న్యావా ఏమి నర్సక్కా? మా మేనత్త గూడా అట్లే ఇడిసింది, చచ్చేదాంకా ముట్టల్యా."

నేను మాట్లాడలేదు. అవును అనలేదు, కాదూ అనలేదు. గరిటె వైపు చూశాను. తిట్టడానికి తెరుచుకున్న మా అత్త నోరు అట్లాగే నిలిచి, మెల్లగా వేరే రకంగా మారింది.

"అట్లనా మ్మీ? నాతో ఒగ మాటన్నా చెప్పల్యే!" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆమెకు. నిజంగానే తిరిగాయి. "మరి ఆ గిన్నె కింద పెట్టొద్దు. మొక్కు కూడు ఎంగిలి కాకూడదు. అందరికంటే ముందు తీసి పైన పెట్టుకో."

అందరికంటే ముందు! అదే ఇల్లు, అదే కుండ, అదే గరిటె. నా ఒంటి కోసం అడిగితే దొరకనిది ఆయన ఒంటి పేరు చెబితే దొరికింది. ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు నన్ను చూసి పక్కకు జరిగి కూర్చోమన్నారు. మా ఆయనకు ఆస్పత్రి సంగతి గుర్తుండకపోదు, బస్సులో తను వేసిన జోకూ గుర్తుండకపోదు. కానీ టీ అంగట్లో "నీ పెండ్లాము నీకోసరం ఉప్పిడిసిందంటనే" అని నలుగురూ అంటుంటే, ఆ మాటే ఆయనకు తియ్యగా ఉంది. కొన్నాళ్లకు తనే నమ్మాడు. నేను చప్పిడి ముద్ద తింటుంటే అటువైపు చూసి మీసం కింద నవ్వుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు గిన్నె విసిరికొట్టాలనిపించేది. విసరలేదు. గిన్నెలో ఉన్నది నా ప్రాణం.

అమావాస్య నాడు మగ్గానికి సెలవు. ఆ రోజు నేను పొద్దున్నే అనంతపురం బస్సెక్కేదాన్ని. "మొక్కుండాది కదా, పోనీ" అనేది అత్త. ఏ గుడికి అని అడగలేదు, నేను చెప్పలేదు. మాత్రలు తెచ్చుకుని రోజూ స్నానం చేయగానే తులసి దగ్గర నిలబడి వేసుకునేదాన్ని. అది తీర్థమనుకున్నారు. డాక్టరు కాగితాలు చూసి "నిలకడగా ఉందమ్మా, గట్టిదానివే. ఇంట్లో ఎట్లా ఒప్పించినావు?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాను.

కానీ మొక్కు ఉప్పు వరకే. నీళ్లు తాగుతానని ఏ ఆడదీ మొక్కుకోదు. ఒంటేలుకు లేస్తానని ఏ దేవతకూ మొక్కు లేదు. కామెర్ల నీరసంతో ఆయన పూట నేసి పూట మానిన ఏడాది దాటాక సావుకారు పెళ్లి చీరల బేరం తెచ్చాడు, అన్నీ కుట్టు అంచువే. మళ్లీ పొద్దున కూర్చుంటే చీకటిదాకా. నీళ్లు మళ్లీ మానేశాను. గూట్లో మాత్రలు మళ్లీ మింగాను. పోయిన అమావాస్యకు డాక్టరు కాగితం రెండుసార్లు తిరగేసి చూశాడు. "ఈసారి జారిందమ్మా" అన్నాడు. "ఇన్నాళ్లు పట్టుకున్నది ఎందుకు వదిలేశావు? ఇది ఇట్లా ఇంకొంచెం జారితే నా చేతిలో కూడా ఉండదు." నేను ఇన్నాళ్లూ ఒకటి జారకుండా పట్టుకుని ఉన్నానని తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే. బస్సులో వచ్చినంత సేపూ చౌడేశ్వరి ముఖమే కళ్ల ముందు ఆడింది. బడిలో లెక్కలు బాగా చేస్తుందని అయ్యవారు చెప్పిన పిల్ల. నేను పడిపోతే మర్నాడు పొద్దున మగ్గం పక్కన నా చోట్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.

ఆ తెలిసిన మాటే ఈ పొద్దున నా చెవిన పడింది.

మగ్గం మీద ఉన్నాం. మా ఆయన ఒంటి నాడె వేశాడు, నేను అంచు నాడె వేశాను. నాలుక పిడచగట్టుకుపోతోంది. ఇంకోసారి ఆయన వేశాడు. నా నాడె కొంచెం ఆలస్యమైంది.

"ఏమే, చేయి ఆడల్లేదే! ఉప్పు తినక సత్తువంతా పాయ. మొక్కు ఇంగ సాలు. రేపు చౌడమ్మ జ్యోతుల పండగకు మా చుట్టాలంతా వస్తారు, వాళ్ల ముందర చెల్లిచ్చేయి. ఉప్పు తిను, కడుపునిండా తిను, కూకో."

నేను మాట్లాడలేదు. నా మాట్లాడకపోవడం అంటే అవునని ఈ ఇంట్లో లెక్క. దాంతోనే మొక్కు మొదలైంది కూడా.

"నీకు సేతకాకుంటే చెప్పు" అన్నాడు ఆయన, చూపు నేత మీదే పెట్టి. "రేపటి నుంచి చౌడిని బడి మాన్పిచ్చి ఆడ కూకోబెడతా. దానికన్నా లేత సేతులుండాయి."

మా అత్త ఆ మాటకే కాచుకున్నట్టు వంటింట్లోంచి పళ్లెం పట్టుకొచ్చింది. వేడి సంగటి, ఎర్రటి ఊరగాయ నూనె. ఒక ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. "పండగ దాంకా ఏంటికి, నేను ఇడిపిస్తాండా మొక్కు. చౌడమ్మ ఏమీ అనదు. నోరు తెర్సు." ఆంజినమ్మ కూడా గడప మీద నిలబడి మురిపెంగా చూస్తోంది.

నాడె నేత మీద పెట్టాను. మగ్గం ఆగింది.

లేచి, మూలనున్న కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకుని తాగాను. గటగటా తాగి, మళ్లీ ముంచుకుని తాగాను. ఆయన గుంతలోంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అత్త చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"అత్తా, నేను ఉప్పిడిసింది నీ కొడుకు కోసరం కాదు" అన్నాను. "నాకోసరం."

"ఏమన్న్యావ్?" అన్నాడు ఆయన.

"నా మూత్రపిండాల కోసరం ఇడిసినా. నీకు తెల్సు. తగ్గని జబ్బుకు మందేంటికని బస్సులో నవ్వినావు. తగ్గల్యా. కానీ నేను దాన్ని పెరగనియ్యల్యా. మీరు చూడల్యాగానీ రోజూ నేను చేస్తాండే పని అదే. అమావాస్యలకు పోయింది గుడికి కాదు, ఆస్పత్రికి. ఇంగ పండగకూ ఉప్పు తినను, పండగైనాకా తినను. దప్పికైతే లేస్తా, ఒంటేలొస్తే లేస్తా. ఆ గూట్లో మాత్రలు నువ్వే ఏసుకో."

"మగ్గం మీద చౌడిని..."

"చౌడి కూకోదు. ఈ చీర ఎట్లనో అట్ల అయిపోనీ. దీని తరవాత సాదా అంచు తెప్పిచ్చు, అది నువ్వొక్కనివే నేసుకోవచ్చు. కుట్టు అంచుదే తెస్తావా, తెచ్చుకో. కొత్త అచ్చు అతికే సేతులు ఈ ఇంట్లో నావే. అత్తకు సూపానదు, నీకు ఆ పని రాదు. సాదా అంచుదైతే అతుకుతా, కుట్టు అంచుదైతే అతకను."

కొత్త అచ్చంటే కొత్త పడుగు. దాని పోగుల్ని పాతవాటితో ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకకపోతే మగ్గం మొదలే కాదని ఆయనకు తెలుసు. ఆ పని ఎవరు చేస్తారో ఇంతవరకూ ఆలోచించి ఉండడు. ఇప్పుడు ఆలోచిస్తున్నాడు, ముఖంలో కనబడుతోంది. గడప మీద ఆంజినమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కదలకుండా నిలబడింది. వీధికి తెలియాల్సింది ఈ పొద్దుకే తెలిసిపోతుంది. తెలియనీ.

మా అత్త పళ్లెం కింద పెట్టేసింది.  కోపమో, కొడుకు కోసం ఉన్న మొక్కు పోయిందన్న బాధో నాకు తెలియదు.

"మొగుని పేరు చెప్పి ఊరినంతా నమ్మిస్తివి కదే! నువ్వు ఉప్పూకారం తినే మనిషివేనా?"

"కాదత్తా" అన్నాను. "తిన్నన్ని దినాలు రాల్యా నాకు రోషం. ఇడిసినాకే వచ్చె."

చెంబు కుండ మీద బోర్లించి, వెనక తలుపు తీసుకుని కంపచెట్ల వైపు నడిచాను. వెనకాల మగ్గం చప్పుడు లేదు. నేను నిదానంగా నడిచాను.